సాటిలేని నామమున

సత్యవేదం గారికి చెవుడు చెప్పాపెట్టకుండా వచ్చింది. అవనిగడ్డ దగ్గర మిషన్ హాస్టల్లో వార్డెనుగా ఏళ్ల తరబడి పిల్లల గోల విని విని, రిటైరై, కూతురు జెనిఫర్‌తో బందరు వచ్చేసి, ఇక హాయిగా పాటలు వింటూ కూర్చుందామనుకున్న ఏడాదే రెండు చెవులూ మూసుకుపోయాయి. జెనిఫర్ చెవికి మిషను కొనిచ్చింది. పాస్టరు గారి ప్రసంగం కంటే ఫ్యాను చప్పుడే బాగా వినపడుతోందని ఆయన దాన్ని తీసి బీరువాలో పెట్టేశారు. టెలిఫోను మోగితే ఎత్తి, అవతలివాళ్లు ఏమన్నాసరే "దేవుడు నిన్ను దీవించుగాక" అని పెట్టేసేవారు. గ్యాసు బండ వాళ్లక్కూడా అదే దీవెన.

ఆయనకి లోకంతో మిగిలిన దారి ఉత్తరాలొక్కటే. అందులో మాత్రం ఆయన ముందు ఎవరూ పనికిరారు. ఆ హాస్టలు ఉప్పెన తర్వాత, దివిసీమలో అమ్మానాన్నలు కొట్టుకుపోయిన పిల్లల కోసం పెట్టింది. ఒక్కో పిల్లకీ పిల్లవాడికీ సముద్రాల అవతల ఒక దాత ఉండేవాడు. ఆ దాతలకు క్రిస్మస్‌కీ వేసవికీ పిల్లల చేత ఇంగ్లీషులో ఉత్తరాలు రాయించాలి. సత్యవేదం గారు నల్లబల్ల మీద మొదటి వాక్యం తన గుండ్రటి అక్షరాలతో రాసేవారు. "మన ప్రభువును రక్షకుడునైన యేసుక్రీస్తు సాటిలేని నామమున మీకు ప్రేమపూర్వక శుభములు" అని దాని అర్థం. అది లేకుండా మొదలుపెడితే ఉత్తరం కాదు, చీటీ అనేవారు. చింపించి మళ్లీ రాయించేవారు. దాంతో ఆ హాస్టల్లో పెరిగిన పిల్లలకి అది చేతి అలవాటైపోయింది. పెద్దయ్యాక సెలవుచీటీ రాసినా అదే, కరెంటాఫీసుకి ఫిర్యాదు రాసినా అదే. మీటరు తిరగడం లేదు మహాప్రభో అని చెప్పుకోవడానిక్కూడా ప్రభువు సాటిలేని నామమే ముందు.

జెనిఫర్ బీకాం చదివి, కంప్యూటరు కోర్సు చేసి, కోనేరు సెంటరు పక్క సందులో నెట్ సెంటరు పెట్టింది. అప్పటికింకా ఇళ్లల్లో కంప్యూటర్లు లేవు. బందరులో సగం మందికి మెయిల్ ఐడీలు ఆమె పెట్టినవే, వాళ్ల పాస్‌వర్డులు మర్చిపోతే గుర్తుచేసేదీ ఆమే. కొన్నాళ్లకి ఐడీ పెట్టడం కంటే అందులో చేరే చెత్త ఎత్తిపొయ్యడం పెద్ద పనైపోయింది. లాటరీలు, మందులు, ఎవరో రాజుగారి మేనల్లుడు. వకీలు మల్లికార్జునరావు గారికి నెలకో విదేశీ లాటరీ తగిలేది. ఆయన ప్రతిసారీ కొత్తగా ఆశపడేవారు.

"ఇది స్పామండీ. తెరవకండి. ఇలా టిక్కు పెట్టి స్పామ్ అని నొక్కండి, ఈసారి అలాంటిదొస్తే అదే పక్కకి నెట్టేస్తుంది" అని చెప్పేది జెనిఫర్. "కాకపోతే ఆ పక్కన పడినవి ఊడ్చేసేముందు ఒకసారి చూసుకోండి. తూర్పారబట్టినప్పుడు తాలుతో పాటు నాలుగు మంచి గింజలు కూడా ఎగిరిపోతాయి."

ఎదుటివాళ్లకి చెప్పేటందుకే నీతులు అని ఊరికే అనలేదు.

తండ్రికి కూడా ఆమే ఒక ఐడీ పెట్టింది. పాత విద్యార్థులు ఎక్కడెక్కడ నుంచో రాసేవారు. ఆమె సాయంత్రం వాటిని ప్రింటు తీసి ఇంటికి పట్టుకెళ్లేది. ఆయన కళ్లజోడు తుడుచుకుని రెండేసి సార్లు చదివి, పెన్నుతో జవాబు రాసిచ్చేవారు. మర్నాడు ఆమె దాన్ని టైపు చేసి పంపేది. ఆ మెయిలు పెట్టె తెరవడం, మూయడం ఆయనకి తెలియవు.

ఒకరోజు ఆ పెట్టెలోకి ఒక విధవరాలు వచ్చింది. ఆఫ్రికా దేశంలో చమురు కంపెనీ ఆఫీసరు భార్యనని, భర్త పోయాడని, తనకి క్యాన్సరని, ఆస్తంతా దైవభక్తి గలవాడి చేతిలో పెట్టి కన్నుమూయాలనుందని రాసింది. మొదటి వాక్యం ప్రభువు నామమున శుభములు. జెనిఫర్ పని ఒత్తిడిలో చూసుకోకుండా అది కూడా ప్రింటు తీసి ఇచ్చేసింది. సత్యవేదం గారు ఆస్తి సంగతి పట్టించుకోలేదు, జబ్బు సంగతి పట్టుకున్నారు. ఆదివారం చర్చిలో లేచి నిలబడి ఆమె కోసం ప్రార్థన కోరారు. సంఘమంతా మోకరించింది. పై నెలలో అదే జబ్బుతో ఇంకో విధవరాలు, ఆ తర్వాత మూడో ఆవిడ. ఆయన ముగ్గురికీ ఓపిగ్గా ఓదార్పు ఉత్తరాలు రాశారు.

"వాళ్లు దొంగలు నాన్నా" అని చెవి దగ్గర అరిచి చెప్పింది.

"దొంగైతే మాత్రం, జబ్బు జబ్బే కదమ్మా" అన్నారాయన.

ఈ దైవభక్తి గల దొంగల్ని ఆ మెయిలు కంపెనీ జల్లెడ పట్టుకోలేకపోయేది. ఒక ఆవిడని స్పామ్‌లోకి నెడితే ఇంకో పేరుతో ఇంకో ఆవిడ వచ్చేది. చివరికి జెనిఫర్ విసిగిపోయి, తండ్రి పెట్టెకి తనే ఒక రూలు రాసింది. ఉత్తరంలో ప్రభువు నామమున శుభములు అనే ఇంగ్లీషు మాటలుంటే స్పామ్‌లోకి కూడా కాదు, తిన్నగా చెత్తబుట్టలోకే పోవాలి. రాస్తున్నప్పుడు ఆ మాటలు నాన్నవే కదా అని ఆమెకు తట్టకపోలేదు. కానీ ఇప్పుడెవరు అలా రాస్తున్నారు, అందరూ హాయ్ అంటున్నారు కదా అనుకుంది. రూలు సేవ్ చేసింది. దాన్ని మర్చిపోయింది. చెత్తబుట్ట మాత్రం రోజూ సాయంత్రం షట్టరు దించేముందు, నేల ఊడ్చినట్టే, చూడకుండా ఖాళీ చేసేది.

"పిల్లలు రాయడం తగ్గించారేంటమ్మా" అన్నారొకసారి సత్యవేదం గారు.

"అందరికీ సెల్‌ఫోన్లొచ్చాయి నాన్నా" అని అరిచింది. ఆయన తల ఊపారు.

ఉదయ్ కిరణ్ ఆ హాస్టల్లో పెరిగినవాడే. ఉప్పెనప్పుడు చంటిపిల్లాడు. నాయనమ్మ చంకలో ఉండి బతికాడు, ఇంట్లో మిగతావాళ్లు బతకలేదు. కొన్నాళ్లకి ఆవిడా పోయింది. వార్డెను క్వార్టర్సులో ఉండే జెనిఫర్‌కి అతను అన్నం గంట కొట్టే కుర్రాడుగా తెలుసు, తర్వాత లెక్కలు చెప్పే కుర్రాడుగా తెలుసు. ల్యాబ్ టెక్నీషియను చదివి మస్కట్ ఆసుపత్రిలో చేరాక, ఒకసారి సెలవుకొచ్చి ఆమె నెట్ సెంటర్లో నాలుగు రోజులు వరసగా కూర్చున్నాడు. చూసే మెయిళ్లు ఏవీ లేవు. అప్పుడు తెలిసింది ఆమెకి.

ఆ తర్వాత వాళ్లకి శుక్రవారాలు మిగిలాయి. శుక్రవారం అతనికి అక్కడ సెలవు, మధ్యాహ్నం పూట ఇక్కడ ఆమె సెంటరు ఖాళీ. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ, ఏం తిన్నావంటే ఏం తిన్నావని గంటలు గడిపేవారు. ప్రేమలో ఉన్నవాళ్ల మాటలు బయటివాళ్లు చదివితే నిద్రొస్తుంది, అవి ఇక్కడ రాయను.

క్రిస్మస్ మర్నాడు ఆమె తండ్రికి చెప్పింది. చెవి దగ్గర అరిచి చెప్పాల్సిన విషయం కాదు కాబట్టి కాగితం మీద రాసి చూపించింది. ఆయన రెండుసార్లు చదివారు. మొహంలో సంతోషం దాచుకోలేకపోయారు.

"మంచివాడే. నేను పెంచినవాడే" అన్నారు. "వాడికి పెద్దవాళ్లు లేరు. నిన్నడగడానికి వాడి తరఫున ఎవరొస్తారు? కాబట్టి వాడే నన్నడగాలి. నీ చేత కబురు పెట్టిస్తే కుదరదు. వాడు రాయాలి, నేను చదవాలి. నువ్వు ఒక్కసారి చెప్పు, అంతే. గుర్తుచెయ్యకు, తొందరపెట్టకు. ఆడపిల్ల అడిగించుకున్న సంబంధమని రేపు ఎవరూ అనకూడదు. ఈస్టరు దాకా చూస్తాను."

ఆమె ఒక్కసారే చెప్పింది. "రాస్తాను" అన్నాడు ఉదయ్ కిరణ్. "రాశాక సార్ జవాబిచ్చేదాకా నీతో చాట్ చెయ్యను. ఆయన్ని అడిగి, మళ్లీ ఆయన వెనకాల నీతో మాట్లాడుతుంటే దొంగతనంలా ఉంటుంది." ఆమె నవ్వుకుంది. ఇంత పద్ధతిగా పెంచినందుకు నాన్న మీద కొంచెం కోపం కూడా వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం అతను చాట్‌లోకి రాలేదు. రాసేశాడన్నమాట అనుకుంది. వెంటనే తండ్రి పెట్టె తెరిచింది. లేదు. స్పామ్ అంతా వెతికింది. ఒక్కొక్క చెత్త ఉత్తరాన్నీ తెరిచి మరీ చూసింది. లేదు.

దాచడమెందుకు, చెప్పేస్తున్నాను. ఆ ఉత్తరం వచ్చింది. తనను పెంచిన వార్డెను గారికి, జీవితంలో అన్నిటికంటే పెద్ద విషయం అడుగుతూ రాసే ఉత్తరాన్ని ఆ కుర్రాడు ఎలా మొదలుపెడతాడు? ఆయన నేర్పినట్టే మొదలుపెట్టాడు. ఆ వాక్యం చూడగానే జెనిఫర్ రాసిన రూలు దాన్ని చెత్తబుట్టలో వేసింది. ఆ సాయంత్రమే జెనిఫర్ చెయ్యి చెత్తబుట్టని ఖాళీ చేసింది. కంపెనీ వాళ్ల జల్లెడ కింద రాలినదాన్ని గింజ గింజా వెతికిన పిల్లకి, తన చేత్తో తను పెట్టిన జల్లెడ జ్ఞాపకం రాలేదు. తెలివైనవాళ్లకి ఇలాగే అవుతుంది.

వారాలు గడిచాయి. అతను రాయనూ లేదు, చాట్‌లోకి రానూ లేదు అని ఆమె లెక్క. అడగడానికి లేదు, నాన్నకి మాటిచ్చింది. రోజూ సాయంత్రం వట్టి చేతులతో ఇంటికెళ్లేది. ఆయన కళ్లజోడు చేతిలో పట్టుకుని ఆమె చేతులవైపు చూసి, కళ్లజోడు మళ్లీ జేబులో పెట్టుకునేవారు.

ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా సమాధుల తోటకెళ్లి పాటలు పాడింది. జెనిఫర్ వాళ్లమ్మ సమాధి మీద కొవ్వొత్తి వెలిగించి లేస్తూ సత్యవేదం గారు "రాలేదు కదమ్మా" అన్నారు. రాలేదని తల ఊపింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కారు. అంతమందిలో, అంత పండగలో ఆమె ఏడ్చేసింది. చుట్టుపక్కలవాళ్లు వాళ్లమ్మ కోసం అనుకున్నారు. అదే రోజు సెంటరుకెళ్లి అతని పేరు చాట్ లిస్టులోంచి తీసేసింది. పిరికివాడు, రాయలేక తప్పించుకున్నాడు అనుకుంది. అలా అనుకుంటే కడుపు మంట తగ్గుతుందనుకుంది గానీ తగ్గలేదు. తిండి సయించేది కాదు. శుక్రవారం మధ్యాహ్నాలు సెంటరు మూసేసి ఇంటికెళ్లి పడుకునేది.

ఆగస్టులో, ముసురు పట్టిన ఒక పగలు, ఉదయ్ కిరణ్ గొడుగు ముడుచుకుంటూ సెంటర్లోకి వచ్చాడు. చిక్కిపోయాడు. చేతిలో తెల్ల కవరు.

"సార్ ఉన్నారా?"

"మందుల షాపుకెళ్లారు. వస్తారు. కూర్చో."

అతను కవరు కౌంటరు మీద పెట్టాడు. పెళ్లికార్డు. పామర్రు అమ్మాయి, మస్కట్లో అతని ఆసుపత్రిలోనే నర్సు. జెనిఫర్ పేర్లు చదివింది, తారీకు చదివింది, వెనక్కి తిప్పి ప్రెస్సు పేరు కూడా చదివింది. ఇక చదవడానికేమీ లేక తలెత్తింది.

"నాన్నకి ఒక్క ముక్క రాసుంటే సరిపోయేది కదా ఉదయ్. ఇంకేం అడగలేదు ఆయన."

అతను వింతగా చూశాడు. "రాశాను కదా."

"ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో. ఎన్నిసార్లు దిద్దుకుని రాశానో నాకే తెలుసు." గొంతు తగ్గించాడు. "ఆయన మెయిలు తెరిచేది నువ్వే కదా జెన్నీ. నువ్వు చూశావు, సార్‌కి చూపించలేదు, లేదా ఇద్దరూ చూసి వద్దనుకున్నారు అనుకున్నాను. హాస్టలు పిల్లాడు, ఎవరూ లేనివాడు, వద్దనుకోవడంలో తప్పేముందిలే అనుకున్నాను. ఆ తర్వాత లిస్టులోంచి నన్ను తీసేశావు. ఇంక అడగడమెందుకని ఊరుకున్నాను."

"రాలేదు ఉదయ్. రోజూ చూశాను. స్పామ్ కూడా చూశాను."

"వెళ్లింది. వెళ్లకపోతే తిరిగొచ్చేది."

"ఎలా మొదలుపెట్టావు?"

"అదేం ప్రశ్న? సార్‌కి రాసేటప్పుడు ఎలా మొదలుపెడతాం?" అని, చిన్నప్పటిలాగే గుక్కతిప్పుకోకుండా ఆ వాక్యం మొత్తం ఇంగ్లీషులో అప్పజెప్పాడు. ఆఖర్న కొంచెం నవ్వాడు కూడా.

జెనిఫర్ నవ్వలేదు. కంప్యూటరు వైపు తిరిగి తండ్రి పెట్టె తెరిచింది. పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టింది. సెట్టింగుల్లోకి వెళ్లింది, రూళ్ల పేజీ తెరిచింది. ఒకే ఒక్క రూలు ఉంది అందులో. అతన్ని రమ్మనలేదు, చూపించలేదు, కానీ అతను ఆమె వెనక నిలబడి చదివాడు. చదివి అక్కడే ఉండిపోయాడు. సెలవుకు బందరు రాలేకపోయిన పిల్లలు, పెళ్లయిందని, బిడ్డ పుట్టిందని రాసిన పిల్లలు, అందరి ఉత్తరాలూ ఆ రూలు కిందనే పోయి ఉంటాయి. ఆ క్షణాన జెనిఫర్‌కి వాళ్లెవరూ గుర్తురాలేదు. ఒక్కడే గుర్తొచ్చాడు. అతను తన వీపు వెనక ఊపిరి పీలుస్తున్నాడు.

"కాపీ ఉందా?" అంది.

"లేదు. అక్కడ నెట్ సెంటర్లో కూర్చుని కొట్టాను. దాచుకోవాలని తెలీదు."

"ఏం రాశావు?"

అతను కౌంటరు మీది కార్డు వైపు చూశాడు. "ఇప్పుడది చెప్పకూడదు జెన్నీ. ఆ అమ్మాయికి మాటిచ్చాను. మంచి పిల్ల. ఆ అమ్మాయికీ ఎవరూ లేరు."

ఆ మాట అన్నందుకు అతన్ని తిట్టడానికి కూడా లేదు. ఆ మాట అనగలిగినవాడు కాబట్టే ఆమె అతన్ని ఇష్టపడింది.

అంతలో సత్యవేదం గారు మందుల సంచీతో మెట్లెక్కి వచ్చారు. "వందనాలు సార్" అంటూ ఉదయ్ కిరణ్ వంగి నమస్కరించాడు. ఆయన ముందు కుర్రాడి మొహం చూసి వెలిగిపోయారు. తర్వాత కార్డు చేతిలోకి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, ప్రతి అక్షరం చదివారు. చదివిన తర్వాత కూతురి వైపు చూడలేదు. చూడకూడదని చూడలేదు.

"నాకొక ఉత్తరం రాస్తావనుకున్నానురా" అన్నారు.

జెనిఫర్ లేచింది. ఆమె నోరు తెరిచేలోపలే ఉదయ్ కిరణ్ ఆయన చెవి దగ్గరికి వంగాడు. "రాయలేకపోయాను సార్" అన్నాడు గట్టిగా. "ధైర్యం చాల్లేదు."

"నీకు ఉత్తరం రాయడం నేర్పింది నేనే కదరా" అన్నారు సత్యవేదం గారు. కోపంగా అనలేదు. నేర్పడంలో ఎక్కడో తన లోపమే ఉందన్నట్టు అన్నారు.

తర్వాత అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చెవిటివాళ్ల ప్రార్థన పెద్దగా ఉంటుంది. క్యాబిన్లలో కూర్చున్నవాళ్లు హెడ్‌ఫోన్లు తీసి విన్నారు. వధువు పేరు కార్డులో మళ్లీ చూసుకుని, తప్పులేకుండా పలికి, వాళ్లిద్దరి ఇంటినీ, పుట్టబోయే పిల్లల్నీ దీవించారు. జెనిఫర్ కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది. ఆమేన్ అనాల్సిన చోట అంది. ఉదయ్ కిరణ్ కళ్లు తుడుచుకుని, గొడుగు తీసుకుని, ఆమె వైపు ఒక్కసారి తల ఊపి వానలోకి వెళ్లిపోయాడు.

సత్యవేదం గారు అతను సందు మలుపు తిరిగేదాకా చూసి, కుర్చీలో కూర్చున్నారు.

"పోనీలేమ్మా" అన్నారు. "నేనే పొరబడ్డాను. మంచివాడే గానీ గట్టివాడు కాడు. ఒక్క ఉత్తరానికి ధైర్యం చాలనివాడు రేపు నిన్నేం చూసుకుంటాడు? నువ్వు బాధపడకు. తప్పించుకున్నావనుకో."

అతను తన మీద వేసుకుపోయిన నింద అది. నోరు మూసుకుంటే జీవితాంతం అది అలాగే ఉంటుంది. నాన్న దృష్టిలో అతను పిరికివాడుగా, తను అదృష్టవంతురాలుగా. ఆమె ఓర్చుకోలేకపోయింది.

"రాశాడు నాన్నా" అంది.

"ఆఁ?"

"రాశాడు. ఉత్తరం రాశాడు."

ఆయనకి అందలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగారు. జెనిఫర్ ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆ చెవిలో, గొంతు పగిలేలా అరిచింది.

"రాశాడు నాన్నా. నేనే పారేశాను. చూడకుండా పారేశాను."

క్యాబిన్లలో అందరూ ఇటు తిరిగారు. ఒకాయన లేచి, అక్కడుండడం మర్యాద కాదని బయటికి వెళ్లి చూరు కింద నిలబడ్డాడు. సత్యవేదం గారి మొహంలో ఆ మాటలు ఒక్కొక్కటిగా చేరడం ఆమె చూసింది. ఆయన చెయ్యి చెవి మీంచి మెల్లిగా ఒళ్లోకి దిగింది.

"ఎలా పారేశావమ్మా?"

"పొరపాటున" అని అరిచింది. ఏ మాటల వల్ల పోయిందో చెప్పలేదు. అదొక్కటీ ఆయనకి ఎప్పటికీ చెప్పకూడదనుకుంది.

ఆయన తిట్టలేదు. మళ్లీ ఆ కార్డు తీసి చూశారు, అందులో ఇంకేమైనా రాసి ఉందేమోనన్నట్టు వెనక్కి తిప్పారు. ఆ తర్వాత కూతురి తల నిమురుతూ, చిన్నపిల్లని అడిగినట్టు, చాలా మెత్తగా అడిగారు.

"ఏం రాశాడమ్మా నాకు?"

జెనిఫర్ ఈసారి అరవలేకపోయింది.

"తెలీదు నాన్నా" అంది. అంత చిన్నగా అన్నా ఆయనకి వినపడింది.